గొంతు మారలేదట!

ఆ వేసవిలో మా ఆయన గొంతు మా ఆయనది కాదని లోకం తేల్చేసింది. పెళ్లయిన నాటి నుంచీ ఆ గొంతుతో కాపురం చేస్తున్నదాన్ని నేను. నన్ను మాత్రం ఒక్కళ్లూ ఒక్క మాట అడగలేదు.

మా ఆయన డబ్బింగ్ కళాకారుడు. పరాయి భాషలో తీసిన సినిమాలకు మన భాషలో మాటలు చెబుతారు. వాటిలో ఇద్దరు పోలీసుల సినిమాలంటే జనానికి వెర్రి. ఆ సినిమాల అసలు పేర్లకు ఎవరికీ నోరు తిరగదు కాబట్టి అందరూ 'తొందర–నిదానం' సినిమాలనే అంటారు. తొందర అనే పోలీసు తలుపు తట్టకుండా తన్ని లోపలికి వెళతాడు. నిదానం అనే పోలీసు చేతిలో కాఫీ అయ్యాకే తుపాకీ తీస్తాడు. తొందరకి గొంతు మా ఆయనది. నిదానానికి గొంతు మా పై వాటాలో ఉండే అన్నయ్యది. అన్నయ్యంటే తోడబుట్టినవాడు కాదు, మా ఆయనకు ప్రాణ స్నేహితుడు. వాళ్లావిడ నాకు వదిన. బయట చూస్తే అంతా తారుమారు. మా ఆయన చెప్పులు వేసుకునేసరికి బస్సు వెళ్లిపోతుంది. అన్నయ్య మాత్రం టీ చల్లారేదాకా కూడా ఆగలేడు.

అప్పట్లో ఇద్దరూ ఒకే మైకు ముందు పక్కపక్కన నిలబడి చెప్పేవారు. ఇంట్లో అంత నెమ్మదస్తుడైన మా ఆయన మైకు ముందుకు వెళ్లేసరికి పూనకం వచ్చినట్టు అవతలివాడి మాట మీదికి ఎక్కేసేవారు. అందుకని అన్నయ్య ఒక అలవాటు చేసుకున్నాడు. తన వంతు రాగానే కుడిచేతి నడిమి వేలితో కాగితాలు పెట్టుకునే చెక్క స్టాండు మీద 'టక్'మని కొట్టేవాడు. అంటే, ఆగరా, ఇక నాది అని అర్థం. ఆ టక్కు మైకులో పడిపోయేది. మొదట్లో సౌండు చూసేవాళ్లు తల పట్టుకున్నారు, తర్వాత అలవాటు పడిపోయి వదిలేశారు. జనమేమో అది నిదానం లక్షణం అనుకున్నారు. పిల్లలు క్లాసులో బల్లల మీద టక్కుమనిపించి మరీ మాట్లాడేవారు. మూడో సినిమా వచ్చేనాటికి ఆ టక్కుకే హాల్లో ఈలలు పడేవి.

ఆ మూడోది వచ్చి ఇరవై ఏళ్లు దాటిపోయింది. అక్కడి హీరోలు ముసలివాళ్లయ్యారు, ఇక్కడ మేమూ అయ్యాం. ఇంక ఎవరడిగారని ఆ వేసవిలో నాలుగోది తీసుకొచ్చారు!

సరిగ్గా దానికి ముందు చలికాలంలోనే అన్నయ్యకు పక్షవాతం వచ్చింది. మనిషి దక్కాడు, నడిచాడు. కానీ కుడిచెయ్యి వేలాడిపోయింది, నాలుక బరువెక్కింది. మాట అర్థమవుతుంది, అర్థమయ్యేదాకా మనం ఆగాలి, అంతే. అలాంటి మనిషికి డబ్బింగ్ కంపెనీ నుంచి ఫోను వచ్చేసరికి మొహం వెలిగిపోయింది. రోజూ పొద్దున్నే మెట్ల మీద కూర్చుని నాలుక తిప్పడం సాధన చేసేవాడు. కింద ముందు గదిలో నా కుట్టుమిషను, పైన ఆయన సాధన. నేను పాత బట్టలు బిగుతు చేసి, వదులు చేసి ఇచ్చే పని చేస్తాను. బట్టలివ్వడానికి వచ్చినవాళ్లు పైకి చూసి, 'ఎవరండీ, ఏమైందండీ' అని గుసగుసలాడేవారు.

ఇప్పుడు ఒకే మైకు పద్ధతి పోయింది. ఎవరి మాటలు వాళ్లు విడివిడిగా వెళ్లి చెప్పి రావాలి. అన్నయ్య ముందు వెళ్లాడు. వదిన వెంట వెళ్లింది. సాయంత్రం తిరిగొచ్చి అలసటగా ఉన్నా నవ్వుతూనే చెప్పాడు.

"కొంచెం... తడబడ్డాను చెల్లెమ్మా. ఆ అబ్బాయి పర్లేదన్నాడు. ఇప్పుడు... మెషిన్లున్నాయట. అన్నీ అవే సరిచేస్తాయట."

ఆ అబ్బాయంటే సౌండ్ ఇంజనీరు. మెడలో ఎప్పుడూ హెడ్‌ఫోన్లు వేలాడేసుకుని తిరుగుతాడు. తర్వాత మా ఆయన వంతు వచ్చింది. వెళ్లి, రావలసిన వేళకు రాలేదు. మర్నాడు కూడా వెళ్లారు. ఆ మర్నాడూ వెళ్లారు. ఎప్పుడూ లేనిది గొంతు పట్టేసింది. వంటింట్లో ఉప్పునీళ్లు పుక్కిలిస్తుంటే నిలదీశాను.

"ఏమండీ, ఒక్క తొందరకి ఇన్ని రోజులేంటి?"

ఆయన గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించి చెప్పారు. "వాడు చెప్పినదాంట్లో ఒక్క ముక్కా పనికిరాదన్నారే. వేరేవాణ్ణి పెడతామన్నారు. నాకు ప్రాణం ఒప్పలేదు. నిదానం కూడా నేనే చెప్పేశాను. పేరు వాడిదే పడుతుంది, ఇవ్వాల్సింది వాడికే ఇస్తారు. మెషినే సరిచేసిందనుకుంటాడు. నువ్వు మాత్రం నోరు జారకు."

"అంతా అన్నయ్య గొంతులోనేనా?"

"వాడి గొంతు నాకు నా గొంతు కంటే బాగా తెలుసు," అన్నారు. నాకు కళ్లు చెమర్చాయి. ఇంత మంచి మనిషిని కట్టుకున్నానా అని ఆ పూట మురిసిపోయాను.

సినిమా వచ్చింది. దాంతో పాటే నా ఒంటికి మంట కూడా వచ్చింది.

ఫోను తెరిస్తే చాలు, అందరూ విమర్శకులే. ఒకడు, 'ముసలాళ్లకి తుపాకులెందుకు, మాత్రల డబ్బా ఇవ్వండి' అన్నాడు. ఒకామె, మొదటి దాంట్లో మేడల మీద పరిగెత్తారు, ఇప్పుడు లిఫ్టు కోసం నిలబడ్డారు అని వాపోయింది. సరే, సినిమాని అన్నారు, మనకేం. ఆ తర్వాత మొదలైంది అసలు గోల. 'తొందరకి గొంతు మార్చేశారు, మోసం!' 'ఎవడో ముసలాయన తొందరని అనుకరించబోయి అభాసుపాలయ్యాడు.' 'చవగ్గా దొరికినవాణ్ణి పట్టుకొచ్చారు, వినలేక చెవులు మూసుకున్నాం.' ఆ వెంటనే, 'నిదానం గొంతు మాత్రం మారలేదు! అదే గొంతు, అదే టక్కు! ఆ మహానుభావుడికి దండం!' 'అసలువాడు అసలువాడే. ఆయన పక్కన ఆ నకిలీవాడు తేలిపోయాడు.'

చదువుతుంటే అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవడ్రా నకిలీ? ఆ మహానుభావుడూ ఈయనే, ఈ నకిలీవాడూ ఈయనే! ఇరవై ఏళ్లు పోతే మనిషి గొంతు మారదా? మీ గొంతులు మారలేదా? తన గొంతు తను మాట్లాడితే దొంగ గొంతు అన్నారు, అవతలివాడిది అరువు తెచ్చుకుంటే అసలుదన్నారు. ఇదీ వీళ్ల చెవుల సంగతి!

ఒక రోజు నా మిషను దగ్గరికొచ్చిన ఒకావిడ వాళ్లాయన ప్యాంటు నడుము వదులు చేయమని ఇస్తూ, "నిన్న ఆ పోలీసుల సినిమాకి వెళ్లామండీ. తొందరకి చెప్పినతను ఎవరోగానీ, పాపం, డొక్కు స్కూటర్‌లా ఉన్నాడు" అంది. లోపలి గదిలో మా ఆయన పేపరు చదువుతున్నారు. పేజీ తిప్పిన చప్పుడు ఆగిపోయింది. నేను నోటిలో దారం పెట్టుకుని ప్యాంటు అందుకున్నాను. ఆ ప్యాంటు నడుము మాత్రం అడిగినదాని కంటే ఒక వేలు తక్కువే వదిలాను. ఊపిరాడక చావనీ.

వీళ్లంతా ఒక ఎత్తు, అన్నయ్య ఒక ఎత్తు. పైనుంచి ఒక్కొక్క మెట్టూ దిగి, వదిన ఫోను ఎడం చేత్తో పట్టుకుని రోజూ సాయంత్రం టీ వేళకు వచ్చేవాడు. పొగడ్తలన్నీ నా చేత చదివించుకునేవాడు. జబ్బుపడ్డాక ఆ మొహంలో అంత వెలుగు నేను చూడలేదు. చదివి చదివి నాకు నోరు ఎండిపోయేది. అన్నయ్య మా ఆయన వైపు తిరిగి నవ్వేవాడు.

"ఒరేయ్... కాస్త సాధన చెయ్యాల్సింది. నన్ను చూడు. ఈ నాలుకతో... నెగ్గుకొచ్చాను. నీకేం రోగం?"

"వయసైపోయిందిరా," అనేవారు మా ఆయన నవ్వుతూ.

నేను వంటింట్లోకి వెళ్లి గిన్నెల మీద కసి తీర్చుకునేదాన్ని. వదిన వెనకే వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి ఊరుకునేది. ఆవిడకు అనుమానం ఉందో, తెలుసో, నేనడగలేదు.

అన్నయ్య ఇంకా సినిమా చూడలేదు. హాల్లో మెట్లెక్కలేనని వాయిదా వేస్తూ వచ్చాడు. ఈ పొగడ్తలతో కాళ్లకి బలం వచ్చింది కాబోలు, చూడాల్సిందే అని పట్టుబట్టాడు. ఒక మధ్యాహ్నం నలుగురం వెళ్లాం. ఆయన్ని చివరి వరుసలో మా ఆయనకూ నాకూ మధ్య కూర్చోబెట్టాం.

తెర మీద తొందర మాట్లాడగానే ముందు వరుసలో ఎవరో గొణిగారు. నా పళ్లు పటపటలాడాయి. అంతలో నిదానం కాఫీ కప్పు పట్టుకుని మెట్లు దిగి వచ్చాడు. నోరు విప్పబోయే ముందు, టక్.

హాల్లో ఈలలు మోగాయి. నేను సంతోషంగా అన్నయ్య వైపు తిరిగాను. ఆయన తెర వంక చూడటం లేదు. ఒళ్లో పడున్న కుడిచేతిని చూసుకుంటున్నాడు. ఎడం చేత్తో ఆ నడిమి వేలు పట్టుకుని, ఎత్తి, కుర్చీ చేతి మీద ఆనించాడు. వదిలేశాడు. వేలు అక్కడే పడుంది. తెర మీద మళ్లీ టక్కుమంది.

నాకప్పుడు వెలిగింది. నాలుకని మెషిన్లు సరిచేస్తాయేమో, ఆ టక్కు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆ రోజు స్టూడియోలో అన్నయ్యకున్న ఒక్క మంచి చెయ్యీ కాగితాలు తిప్పడానికే సరిపోయి ఉంటుంది. వేలెత్తి కొట్టింది ఎవరు? మా ఆయన కావాలని పెట్టింది కాదు. అన్నయ్య మాట చెప్పాలంటే ముందు ఆయన వేలు దానంతటది స్టాండు మీదికి పోతుంది, అంతే. ఇన్నేళ్ల సావాసం చేసిన పొరపాటు.

అన్నయ్య చివరి దాకా కూర్చున్నాడు. మర్నాడు టీకి దిగి రాలేదు. ఆ మర్నాడూ లేదు. పైకి పంపిన టీ పంపినట్టే తిరిగొచ్చేది. మా ఆయన మెట్ల దాకా వెళ్లి, ఆగి, తిరిగొచ్చేవారు. ఇల్లంతా బిక్కుబిక్కుమంటూ ఉండేది.

ఈ ఏడుపు చాలదన్నట్టు కంపెనీ నుంచి ఫోను. హెడ్‌ఫోన్ల అబ్బాయే. మా ఆయన స్పీకరులో పెట్టారు కాబట్టి నేనూ విన్నాను.

"సార్, ఏమీ అనుకోకండి. తొందర గొంతు గురించి జనం బాగా గొడవ చేస్తున్నారు. టీవీలో వేసేటప్పటికి ఎవరైనా కుర్రాడితో మళ్లీ చెప్పించమంటున్నారు పైవాళ్లు. నిదానం మాత్రం అదిరిపోయింది సార్, అదలాగే ఉంచుతాం. కాకపోతే చివర ఆసుపత్రి సీన్ కొంచెం సరిచెయ్యాలి. మీరొకసారి వచ్చి ఆ ముక్క నిదానం గొంతుతో చెప్పి వెళ్తారా?"

మా ఆయన "సరే బాబూ" అన్నారు. సరేనట! తన గొంతు పీకి అవతల పారేసి, అవతలివాడి గొంతుకి అతుకు వెయ్యడానికి రమ్మంటే, సరేనట!

"మీకు సిగ్గూ శరం లేకపోతే నాకుంది," అని మిషను మీద గుడ్డ అలాగే వదిలేసి మెట్లెక్కాను. వదిన తలుపు తీసింది. అన్నయ్య కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. నేను కడుపులో ఉన్నదంతా కక్కేశాను.

"మీకోసం గొంతు చించుకున్నాడు ఆ మనిషి. మీ పేరు నిలబెట్టాడు. దానికి ఊరంతా ఆయన్ని నకిలీవాడంటే నవ్వుతూ ఊరుకున్నాడు. మీరూ అన్నారు, పడ్డాడు. ఇప్పుడాయన గొంతే తీసేస్తారట. మీరేమో మూతి ముడుచుకుని పైన కూర్చున్నారు. ఆయన మీకు చేసిన ద్రోహం ఏంటన్నయ్యా?"

ఆయన మాట కూడదీసుకున్నాడు.

"నన్ను... అడగలేదమ్మా."

నేను వదిన వైపు చూశాను.

"గొంతు మారలేదు, మారలేదు అని... నీ చేతే చదివించుకున్నాను. మురిసిపోయాను. మారకపోతే... మరి ఈ నోట్లో ఉన్నదేంటి? ఇది ఎవరిది?" కళ్లు ఎర్రబడ్డాయి. "పనికిరాలేదని వాళ్లు నా మొహం మీద చెప్పొచ్చు. నాకు తెలీకుండా... నా మాట నా నోట్లోంచి తీసేసి... వాడూ కలిసి..."

అప్పటిదాకా నా కోపం అంతా ఫోనులో ఉన్న పనిలేనివాళ్ల మీద. ఆ క్షణంలో అది తిరిగి తిరిగి మా ఇంటి గుమ్మంలోకే వచ్చింది. మంచి పనే, కాదనను. అడిగి చెయ్యకూడదా? పక్కన నిలబడి 'ఒరేయ్, నీ మాటలు నేను చెప్పనా?' అంటే ఆయన కాదనేవాడా?

కింద మెట్ల దగ్గర మా ఆయన నిలబడి వింటున్నారని నాకు తెలుసు. అన్నయ్యకీ తెలుసు. గొంతు పెంచి, "ఎప్పుడు రమ్మన్నార్రా?" అని అడిగాడు.

"రేపు," అన్నారు మా ఆయన కిందనుంచే.

"నేనూ వస్తున్నాను."

నలుగురం వెళ్లాం. హెడ్‌ఫోన్ల అబ్బాయి అన్నయ్యని చూసి నీళ్లు నమిలాడు. అన్నయ్య కుర్చీ కూడా అడగకుండా విషయానికి వచ్చేశాడు.

"నిదానం మాటలు నేను చెప్తాను. తొందర మాటలు... వీడు చెప్తాడు. ఎప్పటిలాగే."

"సార్, అది కాదు సార్, జనం ఒప్పుకోరు..."

"అయితే నా పేరు తీసెయ్."

"మీ పేరెలా తీస్తాం సార్, మీ కోసమే కదా జనం..."

"తీసెయ్. ఎందుకు తీశారని అడుగుతారు. ఎవరి గొంతో... నేను చెప్తాను. ఇదే నాలుకతో."

ఆ అబ్బాయి మా ఆయన వైపు చూశాడు, సాయం చేస్తారేమోనని. మా ఆయన నేల చూపులు చూస్తున్నారు. నేను మాత్రం సూటిగా చూశాను. వాడు ఎవరికో ఫోన్ చేశాడు, బయటికి వెళ్లాడు, లోపలికి వచ్చాడు. చివరికి తేల్చారు. తొందర గొంతు మార్చరు. సినిమా అంతా ఉన్నదున్నట్టు ఉంచుతారు. చివరి ఆసుపత్రి సీన్ ఒక్కటీ, అంటే తూటా తగిలి కట్లతో మంచం మీద పడున్న నిదానం తొందరతో మాట్లాడేది, అన్నయ్య చెబుతాడు. దెబ్బ తిన్నవాడి మాట తడబడితే తప్పులేదని వాడే మళ్లీ మాకు నచ్చజెప్పాడు. ఏదో మాకు దానం చేసినట్టు!

అద్దం ఇవతల వదినా నేనూ కూర్చున్నాం. అద్దం అవతల ఇద్దరూ ఒకే మైకు ముందు నిలబడ్డారు. స్టాండు మీది కాగితాలు తీసి మా ఆయనే అన్నయ్య కళ్లముందు పట్టుకున్నారు, ఇద్దరివీ. బొమ్మ మొదలైంది. తొందర ఏడుస్తూ, తిడుతూ, లేవరా అంటూ దూసుకుపోతున్నాడు. పాపం మా ఆయన, మైకు కనబడగానే అన్నీ మరిచిపోయారు, అవతలివాడి మాట మీదికి ఎక్కేస్తున్నారు. అన్నయ్య ఎడంచెయ్యి స్టాండు మీదికి లేచింది.

టక్.

మా ఆయన మాట అక్కడికక్కడే ఆగిపోయింది. అన్నయ్య తన మాట తను చెప్పాడు. ఎంతసేపు పట్టిందంటే, బొమ్మలో నిదానం పెదాలు ఆగిపోయినా ఇక్కడ మాట అవలేదు. హెడ్‌ఫోన్ల అబ్బాయి మళ్లీ చేద్దామన్నాడు. చేశారు. మళ్లీ చేశారు. ఎన్నిసార్లయినా మా ఆయన కాగితాలు దించలేదు. అన్నయ్యకి చెమటలు పడితే తన చొక్కా చేతితోనే తుడిచారు. తిరిగొచ్చేటప్పుడు కారులో అన్నయ్య, "కాగితం... వంకరగా పట్టుకున్నావురా వెధవా" అన్నాడు. పది రోజుల తర్వాత ఆయన మా ఆయన్ని ఎప్పటిలా తిట్టిన మొదటి తిట్టు అది. మా ఆయన కిటికీ వైపు తిరిగిపోయారు.

వేసవి వెళ్లిపోతుండగా ఆ సినిమా టీవీలో వేశారు. మర్నాడు సాయంత్రం అన్నయ్య టీకి దిగాడు. ఎప్పటిలాగే ఫోను నా చేతికిచ్చాడు. వెతికాను. సినిమా మీద పాత తిట్లే, తొందర మీద పాత తిట్లే. వాటి కింద ఒకడు కొత్తగా రాశాడు. కళ్లతో చూసి, పైకి చదవకుండా కిందికి జరిపేశాను.

"ఏం... రాశాడు?"

"ఏం లేదన్నయ్యా. పనికిమాలినోడు."

"చదువు."

చదివాను. "'సినిమా అంతా బాగా చెప్పి, చివరి సీన్లో నిదానానికి కూడా గొంతు మార్చేశారు. ఎవరో ముసలాయన, నాలుక కూడా తిరగట్లేదు. సర్వనాశనం చేశారు.'"

మా ఆయన కప్పు బల్ల మీద ఠపీమని పెట్టారు. తనని నకిలీవాడన్నప్పుడు నవ్విన మనిషి, డొక్కు స్కూటర్ అన్నప్పుడు పేపరు దించని మనిషి, ఇప్పుడు లుంగీ ఎగగట్టి లేచి నిలబడ్డారు. "ఎవడే వాడు? ఫోనిలా ఇవ్వు. వాడికేం తెలుసు మాటంటే? వాడి నాలుక..."

టక్.

అన్నయ్య ఎడంచేతి వేలు బల్ల మీద ఉంది. మా ఆయన నోరు తెరిచినట్టే ఆగిపోయారు.

"ఆగరా," అన్నాడు అన్నయ్య. ఒక్కొక్క మాటనే కూడదీసుకుంటున్నాడు, మేం ఆగాం. మొహం నిండా నవ్వు. "అది నన్ను. నన్నే తిట్టాడు. చెల్లెమ్మా... ఇంకోసారి చదువు."

మళ్లీ చదివాను. ఆ రాసినవాడి మీద కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.